తాళం ఇచ్చే ముందు: మెట్టుగూడలో ట్రయల్ కథ

పాత బండి బేరంలో అసలు చిక్కు ధర దగ్గర రాదు. కొనడానికి వచ్చినాయన "ఒక్కసారి ట్రయల్ వేసొస్తా" అని చెయ్యి చాపినప్పుడు వస్తుంది. సీ బుక్కులో పేరు అమ్మేవాడిది. ఇన్సూరెన్సు అతనిదే. పైసా ఇంకా చేతికి రాలేదు. అయినా తాళం ఇవ్వాలి, ఇవ్వకపోతే బేరం ముందుకు పోదు. ఆ పది నిమిషాలు బండి ఎవరి పూచీ మీద తిరుగుతుందన్న దానికి మెట్టుగూడ లాంటి పేటలు ఒక్కో కాలంలో ఒక్కో జవాబు చెప్పుకున్నాయి.

సికింద్రాబాద్‌లోని మెట్టుగూడ రైల్వే నీడన పెరిగిన పేట. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. 1893లో పక్కనే లాలాగూడ వర్క్‌షాపు వెలిసింది. దాని వెంటే క్వార్టర్లు, ఆస్పత్రి వచ్చాయి. మోటారు కూడా ఈ రైల్వేకు పరాయిది కాదు. 1932లో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా విభాగం మొదలుపెట్టింది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. నెల జీతాలు, బదిలీలు, రిటైర్మెంట్లు: పాత బండి అమ్మకానికి రావడానికి ఈ మూడూ చాలు.

అలాంటి చోట ఒకప్పుడు కొనేవాడు కొత్తవాడు కాడు. అదే వర్క్‌షాపులో ఫిట్టరో, పక్క వరుస క్వార్టర్లో ఉండే గార్డో అయి ఉంటాడు. బండి ఏ ఏడాది కొన్నారో, ఎన్నిసార్లు బోరు చేయించారో, ఏ వానాకాలంలో పడిపోయిందో అతనికి ముందే తెలుసు. ట్రయల్ పేరుకే. దానికి పూచీ ఇద్దరికీ ఒకటే అయిన కొలువు, ఒకటే అయిన గల్లీ.

అదీగాక, ఆ రోజుల్లో అమ్మేవాడిదే పైచేయి. లైసెన్సుల రాజ్యంలో కంపెనీ ఎన్ని స్కూటర్లు తయారుచేయాలో ప్రభుత్వం చెప్పేది. 1960 నాటి స్కూటర్ల పంపిణీ, అమ్మకాల నియంత్రణ ఉత్తర్వుతో ఎవరికి ఏ లెక్కన అందాలో కూడా సర్కారు చేతిలోకి వెళ్లింది. ఇటలీ పియాజియో లైసెన్సుతో వెస్పాలు తయారుచేసిన బజాజ్, ఆ ఒప్పందం 1971లో ముగిశాక 1972లో చేతక్‌ను తెచ్చింది. దాన్ని బుక్ చేసినవాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూశారు. వరుస రాకముందే బండి కావాలంటే పాతది కొనాలి. అందుకే వాడిన చేతక్ కొత్తదాని ధర కంటే ఎక్కువ పలికేది. మోటారు సైకిళ్లలో మద్రాసు నుంచి బుల్లెట్, మైసూరు నుంచి జావా, ఆ తర్వాత అదే కర్మాగారం నుంచి యెజ్డీ, ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్: ఎంచుకోవడానికి ఉన్నవి ఆ నాలుగైదే. కిక్ కొడితే స్టార్ట్ అయిందా, గేర్లు పడుతున్నాయా అన్నది చూపిస్తే అదే గొప్ప. నచ్చకపోతే వెనకాల ఇంకొకరు నిలబడి ఉన్నారు.

ఈ లెక్క 1984 తర్వాత తిరగబడింది. ఆ ఏడాది ఇండ్-సుజుకీ ఏఎక్స్ 100 వచ్చింది. 1985లో హీరో హోండా సీడీ 100, అదే ఏడాది చివర్లో యమహా ఆర్‌ఎక్స్ 100 రోడ్డెక్కాయి. సీడీ 100 మైలేజీకి, ఆర్‌ఎక్స్ 100 పికప్‌కు పేరుపడ్డాయి. మొదటిదానిది నాలుగు స్ట్రోకుల ఇంజిన్, రెండోదానిది 98 సీసీల రెండు స్ట్రోకుల ఇంజిన్. రెండూ నిలబెట్టి చూస్తే మెరుస్తాయి. లోపల ఎంత అరిగాయో నడిపితేనే బయటపడుతుంది. 1991 తర్వాత షోరూముల్లో వరుసలు తగ్గి, కొనేవాడికి "వద్దు" అనే అవకాశం దక్కింది. ట్రయల్ అప్పుడే మొహమాటం వదిలి హక్కులాంటిదయింది.

దాన్ని ఒక విద్యగా నిలబెట్టింది మెకానిక్కులు. కొనేవాడు తనకు తెలిసిన మెకానిక్కును వెంటేసుకొచ్చేవాడు. ఆయన వెంటనే బండెక్కడు. ముందు ఇంజిన్ మీద అరచెయ్యి పెడతాడు. వేడిగా ఉంటే ఆగిపోతాడు, చల్లారనివ్వమంటాడు. స్టార్టింగ్ ట్రబుల్ దాచడానికి ముందే వేడిచేసి పెట్టడం పాత ఎత్తు. తర్వాత డబుల్ స్టాండ్ వేసి ముందు చక్రం తిప్పుతాడు, హ్యాండిల్‌ను అటూ ఇటూ నెమ్మదిగా వంచుతాడు. మధ్యలో ఎక్కడో పట్టినట్లుంటే కోన్ సెట్టు పోయిందన్నమాట. కిక్ కొట్టి యాక్సిలరేటర్ ఒకసారి లాగి, సైలెన్సర్ చివర పొగ రంగు చూస్తాడు. నాలుగు స్ట్రోకుల బండి నీలంగా పొగ కక్కితే రింగులు అరిగాయని లెక్క. ఇవన్నీ అయ్యాకే చౌరస్తా నుంచి ఆలుగడ్డబావి వైపు ఒక చక్కర్. తిన్నని రోడ్డు మీద చేతులు కాస్త సడలించి చూస్తాడు. బండి ఒక పక్కకు లాగితే ఫోర్క్ వంగిందో, చాసిస్ దెబ్బతిన్నదో తేలాలి. తిరిగొచ్చాక చాసిస్ నంబరు మీద కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్దుతాడు. ఆ అచ్చును సీ బుక్కులోని నంబరుతో ఒక్కో అంకె చొప్పున సరిచూస్తాడు. ఈ ఆఖరి పనిని ఇప్పటికీ చాలామంది వదిలేస్తారు. దొంగబండిని పట్టించేది మాత్రం అదే.

మెకానిక్కు ఇద్దరికీ తెలిసినవాడైనంత కాలం ట్రయల్‌కు సాక్షి కూడా ఆయనే. ఈ పద్ధతిని మొదట సడలించింది ఆదివారం పేపర్లోని చిన్న ప్రకటన. తర్వాత ఆటో కన్సల్టెన్సీలు వచ్చాయి. అక్కడ ట్రయల్‌కు షాపువాడి కుర్రాడు వెనక సీట్లో ఎక్కుతాడు. ఆ తర్వాత ఇంటర్నెట్ ప్రకటనలు. ఫొటో పెట్టిన గంటకే ఎక్కడెక్కడి నుంచో ఫోన్లు. మెట్టుగూడ మెట్రో స్టేషన్ కింద కలుద్దామనేవాడి ఊరూ పేరూ తెలియదు. ట్రయల్‌కని వెళ్లి బండితో ఉడాయించిన కేసులు హైదరాబాద్, సైబరాబాద్ పోలీసుల ముందుకు పదే పదే వచ్చాయి. కంటోన్మెంటు ఊరు కాబట్టి సైనికుల పేరుకు ఇక్కడ విలువ ఎక్కువ. దాన్ని వాడుకుని, ఆర్మీ గుర్తింపు కార్డు ఫొటో పంపి, బదిలీ అయిందని చెప్పి, లేని బండికి బయానా వేయించుకునే మోసాలు కూడా పెరిగాయి. అక్కడ ట్రయలే ఉండదు. బండి చూడకుండా బయానా వెయ్యొద్దన్న పెద్దల మాటకు ఇంతకంటే గట్టి రుజువు అక్కర్లేదు.

బండి చేతికిచ్చాక పూచీ ఎవరిదన్న చిక్కు చట్టానికి కొత్త కాదు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం ఒక పని కోసం వస్తువును మరొకరి చేతికి అప్పగించడం గురించి విడిగా ఒక అధ్యాయం పెట్టింది. అప్పటి వాహనం గుర్రం, అందుకే ఉదాహరణల్లో గుర్రాలు కనిపిస్తాయి. పొగరుబోతు గుర్రమని తెలిసీ చెప్పకుండా ఇస్తే, అది పరుగు లంకించుకుని ఎక్కినవాణ్ని పడేస్తే, దెబ్బలకు ఇచ్చినవాడే బాధ్యుడంటుంది 150వ సెక్షన్. బ్రేకు పట్టదని తెలిసీ నోరు మెదపకుండా తాళం ఇచ్చేవాడికి ఇది అక్షరాలా వర్తించే మాట. కాశీకని కలకత్తాలో గుర్రాన్ని అద్దెకు తీసుకుని కటక్ వైపు తోలినవాణ్ని, ఎంత జాగ్రత్తగా తోలినా సరే, నష్టానికి బాధ్యుణ్ని చేస్తుంది 154వ సెక్షన్. సొంత స్వారీకి తీసుకున్న గుర్రాన్ని ఇంట్లో మరొకరికి ఎక్కనిచ్చినా అంతే. ఆలుగడ్డబావి దాకా అని చెప్పి ఉప్పల్ పోయినవాడి సంగతీ, వెంట వచ్చిన తమ్ముడికి హ్యాండిల్ ఇచ్చినవాడి సంగతీ చట్టం ఆనాడే ఆలోచించింది. అందుకే ఎక్కడిదాకా, ఎవరు నడపాలి అన్నది తాళం ఇచ్చే ముందే నోటితో చెప్పడం ఉత్త జాగ్రత్త మాత్రమే కాదు. రేపు గొడవ వస్తే నిలబడే షరతు అది.

అమ్మేవాళ్లు అనుభవంతో తమ పద్ధతులు తామే చేసుకున్నారు. బేరం కుదిరిన మొత్తం చేతిలో పెట్టి ట్రయల్‌కు వెళ్లమనడం వాటిలో గట్టిది. స్నేహితుణ్ని ఇక్కడ ఉంచి వెళ్తాననడం పూచీ కాదు, ఆ స్నేహితుడూ కొత్తవాడే. వచ్చిన బండిని వదిలి వెళ్తాననడం కూడా అంతే, అదే దొంగబండి కావచ్చు. ఒరిజినల్ డ్రైవింగ్ లైసెన్సు చూసి, ఫొటో తీసుకుని, తమవాణ్ని వెనక ఎక్కించి, ఇద్దరికీ హెల్మెట్ పెట్టి పంపడం మేలు. మెయిన్ రోడ్డు మధ్యలో మెట్రో పిల్లర్లు వచ్చాక యూటర్న్ కోసం దూరం పోవాలి, కాబట్టి లోపలి వీధులే నయం.

లైసెన్సు చూడడం మర్యాదకు సంబంధించిన విషయం కాదు. లైసెన్సు లేనివాడికి బండి ఇచ్చిన యజమాని మీద మోటారు వాహనాల చట్టం 180వ సెక్షన్ కింద కేసు పెట్టవచ్చు. 2019 సవరణలో ఆ జరిమానాను 1,000 రూపాయల నుంచి 5,000 చేశారు. ప్రమాదం జరిగితే నష్టం అంతకు ఎన్నో రెట్లు. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, తగిన లైసెన్సు లేనివాడని తెలిసీ నిర్లక్ష్యంగా బండి ఇచ్చినట్లు రుజువైతే, బీమా కంపెనీ బాధితులకు చెల్లించిన సొమ్మును యజమాని నుంచి రాబట్టుకోవచ్చు.

ట్రయల్ నచ్చి, డబ్బు చేతికొచ్చాక కూడా అమ్మేవాడి పని మిగిలే ఉంటుంది. 2007లో అమ్మేశానన్న ఒక కారు 2009లో ప్రమాదం చేసింది. మధ్యలో చేతులు మారినా రికార్డులో పేరు మారలేదు. నవీన్ కుమార్, విజయ్ కుమార్ల మధ్య నడిచిన ఆ కేసులో 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు, రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉంటే వారే బాధ్యులని తేల్చింది. నంబరు ప్లేటు మీద ఉన్నది ఏపీ 10 అయినా, టీఎస్ 10 అయినా, 2024 మార్చి నుంచి వచ్చిన టీజీ అయినా, సికింద్రాబాద్ బండికి తిరుమలగిరి ఆర్టీఏ కార్యాలయమే దిక్కు. బండి రాష్ట్రంలోనే అమ్ముడైతే అమ్మినవాడు 14 రోజుల్లో ఫారం 29 ఇవ్వాలి, కొన్నవాడు 30 రోజుల్లో ఫారం 30తో పేరు మార్పించుకోవాలి. ఆ రెండు కాగితాల మీద సంతకాలు తాళంతో పాటే జరగాలి, తర్వాత చేద్దామని వాయిదా వేస్తే కొన్నవాడు ఫోనెత్తడు.