టైల్ లెవలింగ్ క్లిప్పులు: అంచులు కలుపుతాయి, నేలను చదును చేయవు

పక్కపక్కన ఉన్న రెండు టైల్స్‌లో ఒకదాని అంచు ఎత్తుగా ఉంటే నడిచేవారి కాలికి తగులుతుంది. వృద్ధులు తట్టుకుని పడే ప్రమాదమూ ఉంటుంది. ఈ హెచ్చుతగ్గులను నివారించేందుకు ఉపయోగించేదే టైల్ లెవలింగ్ వ్యవస్థ.

ఇందులో ప్లాస్టిక్ క్లిప్పు, చీల ఆకారంలోని వెడ్జ్ ప్రధాన భాగాలు. అడ్హెసివ్‌పై టైల్ అమర్చాక, క్లిప్పు పాదాన్ని అంచు కిందికి జొనిపి పక్క టైల్‌ను చేరుస్తారు. పైకి నిలిచిన క్లిప్పు రంధ్రంలో వెడ్జ్‌ను ప్లయర్‌తో బిగిస్తే రెండు అంచులూ ఒకే మట్టానికి వస్తాయి. 600 మి.మీ. టైల్‌కు సాధారణంగా ఒక్కో వైపు రెండు క్లిప్పులు, మూలలకు సుమారు 50 మి.మీ. దూరంలో అమరుస్తారు.

అడ్హెసివ్ గట్టిపడ్డాక, అంటే సాధారణంగా 24 గంటల తర్వాత, సందు వెంబడి రబ్బరు సుత్తితో కొడితే క్లిప్పు టైల్ ఉపరితలానికి దిగువన విరుగుతుంది. పాదం లోపలే ఉండిపోతుంది. వెడ్జ్ మళ్లీ పనికొస్తుంది. ఆ తర్వాతే సందులను గ్రౌట్‌తో నింపాలి.

అయితే నేలలోని లోపాన్ని క్లిప్పులు సరిచేయలేవు. గుంట ఉన్నచోట టైల్ అంచును పైకి లాగితే దాని కింద ఖాళీ మిగులుతుంది. అక్కడ తడితే డొల్ల శబ్దం వస్తుంది. బరువు పడినప్పుడు టైల్ పగలవచ్చు. అందుకే పెద్ద టైల్స్ వేసే ముందు 3 మీటర్ల తిన్నని బద్దను నేలపై ఆనించి చూడాలి. 3 మి.మీ. మించిన ఎత్తుపల్లాలుంటే ముందుగానే సరిచేయాలి. టైల్ వెనుక భాగానికీ పలుచగా అడ్హెసివ్ పూస్తే ఖాళీలు తగ్గుతాయి.