గేరి చరిత్ర – 17: గొలుసు తీసినాక

మా చిన్నాయన కాలికి గొలుసు ఉండేది. గేరి చివర వేపచెట్టుకు కట్టేసేవాళ్లు. దయ్యం పట్టిందన్నారు. తాయెత్తులకని ఉన్న రెండు మేకలూ అమ్మినారు. చివరికి ఒక ఆస్పత్రికి తీసుకుపోతే హాలోపెరిడాల్ ఇచ్చినారు. నెలకు చెవిలో గొంతులు తగ్గినాయి. గొలుసు తీసేసినాం.

ఆ మాత్రకూ ఒక చరిత్ర ఉంది. 1952లో పారిస్‌లో డిలే, డెనికర్ అనే డాక్టర్లు మతి చెదిరినవాళ్లకు క్లోర్‌ప్రోమజైన్ ఇచ్చి చూసినారు. 1958లో బెల్జియంలో పాల్ జాన్సెన్ బృందం హాలోపెరిడాల్ తయారుచేసింది. మెదడులో డోపమైన్ అనే రసాయనం ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు మోస్తుంది. ఈ మందులు ఆ కబురు అందేచోట అడ్డం కూర్చుంటాయి. లేని గొంతులు, లేని అనుమానాలు తగ్గుతాయి. కానీ కాళ్లూ చేతులూ సరిగా ఆడాలన్నా అదే డోపమైన్ కావాలి. అక్కడా అడ్డుపడితే మెడ బిగుసుకుంటుంది, చేయి వణుకుతుంది, కాలు ఒకచోట నిలవదు. ఏళ్ల తరబడి వాడితే కొందరికి నోరు, నాలుక వాటంతటవే ఆడుతుంటాయి.

ఈ మందు పల్లెకు ఎట్లా వచ్చిందో తెలియాలంటే పక్కనున్న బళ్లారికి పోవాల. 1882 దాకా మా అనంతపురం ఆ జిల్లాలోదే. 1985లో నిమ్హాన్స్ వాళ్లు అక్కడి పి.హెచ్.సి. డాక్టర్లకు శిక్షణ ఇచ్చి, ఊళ్లలోనే వైద్యం మొదలుపెట్టినారు. 1996లో ప్రభుత్వం తెచ్చిన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా అదే.

మందు వచ్చింది గానీ దాని గురించి మాట రాలేదు. మోతాదు పెంచిన వారానికి చిన్నాయన మెడ ఒక పక్కకు తిరిగిపోయింది. మళ్లీ దయ్యమే అనుకున్నాం. భయపడి మాత్రలు మానేసినాడు. ఆర్నెల్లకు గొలుసు మళ్లీ బయటికొచ్చింది. ఆ బిగువుకు ట్రైహెక్సిఫెనిడిల్ అనే విరుగుడు ఉందని, మోతాదు తగ్గించొచ్చని మాకెవరూ చెప్పలేదు. గేరోళ్లకు ఏమర్థమైతాదిలే అనుకున్నారేమో, చీటీ రాసి పంపించేసినారు.

ఓలాంజపిన్ లాంటి కొత్త మందులతో ఈ బిగువు తక్కువ. కానీ అవి ఆకలిని, ఒంటి బరువును, చక్కెరను పెంచుతాయి. రేషన్ బియ్యం నెలాఖరు దాకా రాని ఇంట్లో ఆకలి పెంచే మాత్ర! ఇంకోటి: ఈ మందుల్లో చాలావాటితో ఒళ్లు ఎండవేడిని తట్టుకునే శక్తి తగ్గుతుంది. ఆ విరుగుడు మాత్రతో చెమటా తగ్గుతుంది. మే నెలలో ఉపాధి పనికి పోయి మట్టి తవ్వే మనిషికి ఈ సంగతి చెప్పొద్దా?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసును నిషేధించింది. తెలిసిన సైడ్ ఎఫెక్టులన్నీ రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలని కూడా రాసింది. అది దయ కాదు, హక్కు. మీ ఇంట్లో ఎవరైనా ఈ మాత్రలు వాడుతుంటే సొంతంగా ఆపొద్దు. చీటీ పట్టుకుని డాక్టరు ముందు నిలబడి, ఇది ఏం చేస్తుంది, ఏం చెరుపుతుంది అని తెలుగులో అడగండి. చెప్పేదాకా కదలొద్దు.

జై భీమ్.
(ఇంకా ఉంది)