మిల్లుకెళ్ళిన అమ్మాయిలు

ఆడపిల్ల జీతం తెచ్చి ఇంట్లో ఇస్తే "మా బంగారు తల్లి" అంటాం. ఆ పిల్లే "నాకిది చాలదు" అందనుకోండి, "ఎంత నోరే నీకు!" అని విస్తుపోతాం. ఈ రెండు మాటలూ మన ఇళ్ళకే సొంతం కావు. అమెరికాలోని లోవెల్ మిల్లుల కథ చదివినప్పుడల్లా నాకీ సంగతే తోస్తుంది.

మసాచుసెట్స్ రాష్ట్రంలో మెర్రిమాక్ నది ఒకచోట ముప్పై అడుగులకి పైగా కిందికి దూకుతుంది. ఆ నీటిని కాలవల్లోకి మళ్ళించి, చక్రాలు తిప్పి, ఆ బలంతో కదుళ్ళూ మగ్గాలూ ఆడించారు. 1823లో మొదటి మిల్లు నడిచింది. ఇంగ్లండులో మరమగ్గాలు చూసి, వాటి పనితనం మనసులో దాచుకొచ్చిన ఫ్రాన్సిస్ కాబట్ లోవెల్ అప్పటికే పోయాడు. 1826లో ఊరికి ఆయన పేరే పెట్టారు.

మరి పనికెవరు? పల్లెటూళ్ళ రైతుల ఆడపిల్లలు. పెళ్ళికాని పిల్లని ఊరుకానిఊరు పంపడమా అని తల్లులు బెంగపడతారుగా! అందుకని కంపెనీలే హాస్టళ్ళు కట్టించి, ఒక్కో దానికి ఓ పెద్దావిడని పెట్టి, రాత్రి పదింటికల్లా తలుపులు మూయించేవి. ఆ జీతాలతో తమ్ముళ్ళు చదువుకున్నారు, తాకట్టు పొలాలు విడిపించుకున్నారు. లూసీ లార్కమ్ అనే పిల్ల పత్రికల్లోని పద్యాలు కత్తిరించి, తాను పనిచేసే కిటికీ పక్కన అంటించుకుని చదువుకునేది. 1840లో ఈ అమ్మాయిల రాతలతోనే "లోవెల్ ఆఫరింగ్" అనే పత్రిక వెలువడింది.

వినడానికి ముచ్చటగానే వుంది. కాని పని రోజుకి పన్నెండు, పదమూడు గంటలు. నూలు తెగకూడదని కిటికీలు బిగించేవారు. గాలినిండా దూది నలుసులే.

1834లో జీతాలు తగ్గిస్తామనేసరికి వందలమంది మగ్గాలు వదిలి వీధిలోకి వచ్చారు. 1836లో హాస్టల్ భోజనం ఖర్చు పెంచారు. అదీ జీతం కోసినట్టే కదా! మళ్ళీ సమ్మె. ఒక గదిలో పెద్దపిల్లలు వెళదామా వద్దా అని తటపటాయిస్తుంటే, పదకొండేళ్ళ హారియెట్ హాన్సన్ "మీరొచ్చినా రాకపోయినా నేను పోతున్నా"నని లేచి నడిచింది. వెనక్కి తిరిగి చూస్తే గదంతా ఆమె వెంటే వస్తోంది.

ఆమె తల్లి వితంతువు. కంపెనీ హాస్టలే నడుపుకుంటోంది. చిన్నపిల్లనైనా అదుపులో పెట్టుకోలేకపోయావంటూ ఆవిడ ఉద్యోగం తీసేశారు. కూతురు నోరు తెరిస్తే దండన తల్లికి! ఇది మాత్రం మనకి కొత్తా?

రోజుకి పదిగంటలే పని వుండాలని 1845లో సారా బాగ్లీ వంటివాళ్ళు శాసనసభ సంఘం ముందు సాక్ష్యమిచ్చారు. స్త్రీలకీ పిల్లలకీ ఆ చట్టం 1874కి గాని రాలేదు. చివరికి మిల్లులూ మూతపడ్డాయి. 1978లో ఆ ప్రాంతాన్ని జాతీయ చారిత్రక పార్కు చేశారు.

హారియెట్ 1898లో తన జ్ఞాపకాలు పుస్తకంగా వేసింది. అంత గర్వం జీవితంలో ఇంకెప్పుడూ కలగలేదనీ, మా రాష్ట్రంలో ఆడవాళ్ళకి ఓటు వచ్చిననాడే మళ్ళీ కలుగుతుందనీ రాసుకుంది. 1911లో ఆమె కన్నుమూసింది. ఓటు 1920లో వచ్చింది.