ప్రాసెసర్ లోపలి మీటరు, ఒక లెక్క తప్పు

ప్రాసెసర్ చేసే పనిని దాని లోపలే ఉండి లెక్కపెట్టే చిన్న రిజిస్టర్లను పెర్ఫార్మెన్స్ కౌంటర్లు అంటారు. ఎన్ని సైకిళ్లు గడిచాయి, ఎన్ని ఆదేశాలు పూర్తయ్యాయి, కావలసిన డేటా కాష్‌లో దొరకక ఎన్నిసార్లు మెమరీ దాకా పోవలసి వచ్చింది: ఇవీ అవి పెట్టే లెక్కలు. ప్రోగ్రాం నెమ్మదించిన సంగతి ఎవరికైనా తెలుస్తుంది. ఎక్కడ నెమ్మదించిందో, ఎందుకో ఈ కౌంటర్లే చెప్పాలి.

కంప్యూటరు నడకను కాగితం మీద అంచనా కట్టుకున్న కాలాన్ని హైదరాబాదు కూడా చూసింది. అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో 1967లో ఇక్కడ ఈసీఐఎల్ అనే ఎలక్ట్రానిక్స్ సంస్థ మొదలైంది. దేశంలో తయారైన తొలి మినీ కంప్యూటర్లలో ఒకటైన ఈసీఐఎల్ టీడీసీ-12 1969 నాటిది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. ఆ తరం యంత్రాల మీద పనిచేసేవారు ఒక్కో ఆదేశానికి పట్టే కాలాన్ని మాన్యువల్‌లో చూసి, వరసగా కూడుకునేవారు. టీడీసీ-12 పేరులోని 12, దాని పదానికి ఉన్న బిట్ల సంఖ్య. పన్నెండు బిట్లలో 0 నుంచి 4,095 దాకానే పడుతుంది. 4,095కు ఒకటి కలిపితే మళ్లీ సున్నాయే. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, తర్వాతి కథంతా దీని చుట్టూనే తిరిగింది.

కాచిగూడ, నారాయణగూడల్లోని పాత ఇళ్లలో పళ్లెం తిరిగే కరెంటు మీటర్లు చూసినవారికి ఇది కొత్త కాదు. అంకెల గడులన్నీ తొమ్మిదులయ్యాక మీటరు సున్నాలకు వస్తుంది. రీడింగు తీసుకునే మనిషి నెలనెలా వస్తే, పాత రీడింగుకన్నా కొత్తది తక్కువైనా ఒక చుట్టు తిరిగిందని గ్రహించి లెక్క సరిచేస్తాడు. ఏళ్ల తరబడి రాకపోతే ఎన్ని చుట్లు తిరిగిందో ఎవరూ చెప్పలేరు.

1993లో వచ్చిన పెంటియం ప్రాసెసర్‌లో ఇంటెల్ పెర్ఫార్మెన్స్ కౌంటర్లు రెండు పెట్టింది. ఒక్కొక్కటి 40 బిట్లది. అయితే వాటి వివరాలను బయటపెట్టలేదు. నార్వే ప్రోగ్రామర్ టెర్యే మాథిసన్ వాటిని తవ్వితీసి 1994 జూలై బైట్ పత్రికలో రాశాడు. కౌంటర్ల చరిత్రలో ఇదే అసలైన మలుపు అనాలి. సొంత ప్రోగ్రాంను కొలుచుకునే వీలు ఆనాటి నుంచి మామూలు ప్రోగ్రామర్ చేతికి వచ్చింది. 2009లో లైనక్స్ 2.6.31తో, ఈ కౌంటర్లను చదివే పర్ఫ్ అనే పరికరం ఆ ఆపరేటింగ్ సిస్టం గుండె అయిన కెర్నల్‌లో భాగమైంది.

పాత పద్ధతిలో ఈ కౌంటర్లలోకి ఒకసారికి 32 బిట్లే రాయగలిగేవారు. అందువల్ల కెర్నల్ సుమారు 214 కోట్ల ఘటనలకొకసారి, కౌంటరు పొంగగానే (నిండి సున్నాకు రాగానే) వచ్చే ఇంటరప్టుతో, అంటే చేస్తున్న పనిని ఆపించే సంకేతంతో, లెక్క తీసుకునేది. కొత్త ప్రాసెసర్లలో మొత్తం వెడల్పునూ రాసే వీలు రావడంతో 2013లో పర్ఫ్ దాన్ని వాడుకుంది. ఇంటరప్టులు తగ్గాయి. మంచి మార్పే. కానీ లెక్క తీసే గడువును కౌంటరు పూర్తి చుట్టుకు సమానంగా పెట్టారు. పొరపాటు అక్కడ దొర్లింది.

కౌంటరును 1 దగ్గర మొదలుపెట్టారనుకుందాం. అది చుట్టంతా తిరిగి, సున్నా దాటి, ఇంటరప్టు అందేలోగా 200కు చేరుతుంది. 200లోంచి 1 తీసేస్తే 199. తిరిగిన చుట్టంతా లెక్కలోంచి జారిపోయింది. సెకనుకు 130 కోట్ల సైకిళ్లు నడిచే ప్రాసెసర్‌లో 40 బిట్ల కౌంటరు ఒక చుట్టు తిరగడానికి 14 నిమిషాలు చాలు. చిన్న పరీక్షల్లో బయటపడని తప్పు గంటల తరబడి నడిచే పనుల్లో బయటపడడానికి కారణం ఇదే. ఇంటెల్ నైట్స్ ల్యాండింగ్, సిల్వర్‌మాంట్ ప్రాసెసర్ల మీద పర్ఫ్ అంకెలు పొంతన లేకుండా వస్తున్నాయని 2016లో ఫిర్యాదు అందింది.

కెర్నల్ నిర్వాహకుల్లో ఒకరైన పీటర్ జైల్‌స్ట్రా 2016 నవంబరులో దీన్ని సరిచేశాడు. మొదట గడువును సగం చుట్టుకు తగ్గించాడు. అంతకు మించి ఆగకుండా చూస్తే, ఎంత తిరిగిందో సందేహం లేకుండా చెప్పవచ్చు. దాంతో దాగి ఉన్న రెండో తప్పు బయటపడింది. రెండు రీడింగుల మధ్య తేడాను పర్ఫ్ గుర్తు గల సంఖ్యగా తీసుకునేది. సగం చుట్టు దాటిన తేడాలో పై బిట్ 1 అవుతుంది కనుక అది రుణసంఖ్యగా కనిపించేది. కౌంటరు ఎన్నడూ వెనక్కి తిరగదు, కాబట్టి ఆ తేడాను ఎప్పుడూ ధనసంఖ్యగానే చదివేలా మార్చాడు. అప్పటినుంచి లైనక్స్‌లో పూర్తి వెడల్పు కౌంటర్లకు గరిష్ఠ గడువు సగం చుట్టే.