పొయ్యి మారింది, మూకుడు మారలేదు

మా ఇంట్లో గిన్నె దించే గుడ్డను ఇప్పటికీ మసిగుడ్డ అనే అంటాం. దానికి మసి అంటి పాతికేళ్లు దాటింది.

మాది నూజివీడు పక్క పల్లె. ఇప్పుడంటే ఏలూరు జిల్లా, 2022 దాకా కృష్ణా జిల్లానే. చుట్టూ మామిడి తోటలు, కాబట్టి వంటచెరుకుకు ఏనాడూ కరువు లేదు. ఎండుకొమ్మలు, రాలిన ఆకులు, ఆఖరికి ఎండిన టెంకలు కూడా పొయ్యిలోకే. ఇండేన్ గ్యాసు 1965లోనే కలకత్తాలో మొదలైందట. మా అమ్మ దాకా రావడానికి మాత్రం 1999లో దీపం పథకం పెట్టి, డ్వాక్రా సంఘాల ఆడవాళ్లకు కనెక్షన్లు ఇవ్వాల్సి వచ్చింది.

పొయ్యి వచ్చింది గానీ, గిన్నెలన్నీ కట్టెల పొయ్యివే, అలవాట్లూ దానివే. కట్టెల మీద పెట్టేముందు గిన్నె అడుగున తడిమట్టి పూసేవాళ్లం. మసి మట్టికి పట్టుకుంటే తోమడం తేలిక. అమ్మ గ్యాసు మీద పెట్టే గిన్నెకూ పూసింది! ఆ మట్టి ఎండి, పెళ్లలు రాలి, బర్నర్ కన్నాలు పూడిపోయాయి. నీలంగా ఉండాల్సిన మంట పసుపుపచ్చగా లేచి మళ్లీ మసి పట్టించింది. "చూశావా, దీనికీ మట్టి కావాల్సిందే" అంది అమ్మ, గెలిచినట్టు.

మంట గిన్నె చుట్టూ ఎగబాకితేనే వంటవుతుందని ఆవిడ నమ్మకం. కట్టెలకు అది నిజమే. గ్యాసుకైతే అడుగు దాటి బయటికొచ్చిన మంట దండగ, పైగా పిడి కాలుతుంది.

అసలు ముప్పు మాగాయ పోపు రోజున వచ్చింది. మా ఇనప మూకుడు అడుగు గుండ్రం. మట్టి పొయ్యి గడ్డల మధ్య అది కుదురుగా కూర్చునేది. గ్యాసు పొయ్యి సన్నటి ఊచల మీద ఊగింది. అమ్మ గరిటె తిప్పేసరికి పక్కకి వాలి, కాగిన నువ్వులనూనె మణికట్టు మీద పడింది.

"కట్టెయ్యవే!" అని నాన్నమ్మ కేకేసింది. నేను గబుక్కున పొయ్యి కట్టేశాను. నూనె గట్టు మీదకు ఒలికింది గానీ మంటలో పడలేదు. పడి ఉంటే అమ్మ చీరకు అంటుకునేదే. తల్చుకుంటే ఇప్పటికీ నా చేతులు వణుకుతాయి. అమ్మ చేతిని చాలాసేపు చన్నీళ్లలో ఉంచాం. మచ్చ మాత్రం పోలేదు.

ఆ వారమే నాన్న నూజివీడు వెళ్లి అడుగు చదునుగా ఉన్న మూకుడు తెచ్చారు. గ్యాసు వచ్చిన రోజున కొనాల్సిన వస్తువు అది.

పాత మూకుడు అటక మీద ఉంది. మాగాయ పోపుకు మాత్రం ఏటా దింపుతుంది అమ్మ. పెరట్లో మూడు ఇటుకలు పేర్చి, మామిడి పుల్లలు పెట్టి, అడుగున తడిమట్టి పూసి మరీ.