అల్లారుముద్దు బిడ్డ, ఆవిరైన ఆస్తి

తర్వాత ఎవరెస్టు అని పేరు పెట్టిన 'పదిహేనో శిఖరం' ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తైనదని 1852లో లెక్క తేల్చినవాడు రాధానాథ్ సిక్దర్. ఆ సిక్దరే 1854లో మిత్రుడు ప్యారీచంద్ మిత్రాతో కలిసి కలకత్తాలో 'మాసిక్ పత్రిక' పెట్టాడు. తండ్రి కూడబెట్టిన సొమ్మంతా తగలేసిన కుర్రాడి కథ అచ్చయింది అందులోనే. శిఖరం ఎత్తు కొలిచిన చెయ్యీ, ఆ నవలకు చోటిచ్చిన చెయ్యీ ఒకటేనని తెలిసిన రోజు నాకు పట్టరాని సంతోషం కలిగింది.

ఇద్దరూ హిందూ కాలేజీలో అధ్యాపకుడు డిరోజియో ప్రభావంలో పెరిగినవాళ్లే. మిత్రా కలకత్తా పబ్లిక్ లైబ్రరీలో గ్రంథపాలకుడు. అప్పటి బెంగాలీ వచనమంటే సంస్కృత సమాసాల గుట్ట. ఈ పత్రిక మామూలు జనానికి, ముఖ్యంగా ఆడవాళ్లకు. పండితులు చదవాలనుకుంటే చదవచ్చు గానీ రాస్తున్నది వాళ్లకోసం కాదని ఆ మిత్రులిద్దరూ ముందే చెప్పేశారు.

టేక్‌చంద్ ఠాకూర్ అనే కలంపేరుతో మిత్రా అందులో రాసిన నవల 'ఆలాలేర్ ఘరేర్ దులాల్'. అంటే కలవారింటి గారాల కొడుకు అని. వాడి పేరు మతిలాల్. పారసీ నేర్పడానికి వచ్చిన మున్షీ గడ్డం మీద వెనకనుంచి నిప్పు వేస్తాడు. గడ్డం భగ్గుమంటుంది, ముసలాయన లబలబలాడతాడు, ఆ చదువు అక్కడితో సరి. తండ్రి బాబూరాం కొడుకును మందలించడు. ఆయన పోయాక ఇల్లు మతిలాల్ చేతికొస్తుంది. భజనపరులు చుట్టూ చేరతారు, వ్యాపారమంటూ దిగి ఉన్నదంతా పోగొట్టుకుంటాడు.

నాకు మతిలాల్ కన్నా ఠక్‌చాచా ఇష్టం. దొంగపత్రాలు పుట్టించే ఆ కోర్టుపక్షి నోట బెంగాలీ, పారసీ కలగలిసి దొర్లుతాయి. కచేరీ వరండాలో నిలబడి విన్నట్టే ఉంటుంది. సోమరి వారసుణ్ణీ వాడి మందినీ సమాసాల్లో మాట్లాడిస్తే కథ పండదు. వాళ్లు రావాలంటే వాళ్ల భాష రావలసిందే. ఆ నుడికి 'ఆలాలీ భాష' అనే పేరే నిలిచిపోయింది. తర్వాత నవలాకారుడు బంకించంద్రుడు కూడా మిత్రాను మనసారా మెచ్చుకున్నాడు. అయినా తర్వాతి బెంగాలీ నవలలో ఠక్‌చాచా లాంటి గొంతు పలచబడిపోయింది. అది నష్టమేనని నా గట్టి నమ్మకం.

బాబుల మీద, అంటే కలకత్తా కొత్త సంపన్నుల మీద, వెక్కిరింత మిత్రాతో మొదలు కాలేదు. 1820ల్లోనే భవానీచరణ్ బందోపాధ్యాయ 'నవబాబువిలాస్' రాశాడు.

మనకూ దీనికి వరసయ్యే కథ ఒకటుంది. కందుకూరి వీరేశలింగం పంతులుగారి 'రాజశేఖర చరిత్రము' 1878లో ఆయన పత్రిక 'వివేకవర్ధని'లో మొదలైంది. ధవళేశ్వరం రాజశేఖరుడు సోమరి కాడు, మంచి మనిషి. అయినా పొగడ్తలకు పడిపోతాడు, బంగారం చేస్తానన్న బైరాగిని నమ్ముతాడు, ఆస్తి పోగొట్టుకుంటాడు. ప్రహసనాల్లో వాడుక మాటను ఝళిపించిన పంతులుగారు నవల దగ్గరికొచ్చేసరికి గ్రంథభాష పట్టుకున్నారు. ధవళేశ్వరం అరుగుల మీది ముఖస్తుతిని గోదావరి యాసలో వినే అవకాశం అలా పోయింది. నవల చదివినప్పుడల్లా నాకు ఆ లోటు గుచ్చుకుంటుంది.

మళ్లీ కలకత్తాకు. మిత్రా తర్వాత 1860ల మొదట్లో 'హుతోం ప్యాంచార్ నక్షా' పేరుతో బాబుల ఆర్భాటాన్ని ఇంకా పచ్చి వీధిభాషలో చీల్చి చెండాడినవాడు కాళీప్రసన్న సింహ. ఆయనే కలకత్తాలోని జొరాసాంకో సంపన్న కుటుంబానికి వారసుడు. నీలిమందు దొరల దౌర్జన్యం మీద వచ్చిన బెంగాలీ నాటకం 'నీల్ దర్పణ్' ఇంగ్లీషు అనువాదం అచ్చువేయించినందుకు 1861లో జేమ్స్ లాంగ్ పాదిరీకి వెయ్యి రూపాయల జరిమానా పడితే, కోర్టులోనే ఆ డబ్బు కట్టేశాడు. పండితులను కూర్చోబెట్టి మహాభారతాన్ని బెంగాలీ వచనంలోకి తెప్పించి, అచ్చువేయించి, ఊరికే పంచిపెట్టాడు. ఆస్తులు కరిగిపోయాయి, అప్పులు మిగిలాయి. 1870లో, దాదాపు ముప్పయ్యేళ్ల వయసులో పోయాడు. పదిహేడు సంపుటాల భారతం అప్పటికే జనం ఇళ్లకు చేరింది.