కూలిరేటు ఎవరి చేతిలో ఉంది?

కాళీపట్నం రామారావు 'యజ్ఞం' కథ 1966లో వెలువడింది. సుందరపాలెం అభివృద్ధి చెందిన ఊరే. ఆ అభివృద్ధి నడిమధ్యనే అప్పల్రాముడి కుటుంబం అప్పు తీర్చలేక కంబారితనం ముందు నిలబడింది. ఈ కథ మీద జరిగిన చర్చ ఎక్కువగా దాని ముగింపు చుట్టూనే తిరిగింది. కథ లోపల నడిచే లెక్క మీద మనం పెట్టిన దృష్టి తక్కువ. రెక్కలు తప్ప మరేమీ లేనివాడికి ఊళ్ళో ఎంత కూలి పడుతుంది, ఆ రేటును ఎవరు నిర్ణయిస్తారు అన్నదే ఆ లెక్క.

కథ వచ్చిన మరుసటి ఏడే, 1967 అక్టోబరు 31న, మొండెంఖల్ సభకు పోతున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాములు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. గిరిజన సంఘం కోర్కెల్లో పోడు భూమి, వెట్టి రద్దు, షావుకార్ల అప్పులతో పాటు జీతగాళ్ళ కూలి పెంపు కూడా ఉంది. ఆ తర్వాతి చరిత్ర మన పాఠకులకు తెలిసినదే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, అదే ప్రాంతం భాగంగా ఉండిన నాటి విజయనగరం జిల్లా ఇటీవలి ఒక పెద్ద ఆర్థిక పరిశోధనకు క్షేత్రమయింది. ఉపాధి హామీ పథకం 2006లో మొదటి విడతలోనే విజయనగరానికి వచ్చింది. శ్రీకాకుళానికి 2007లో వచ్చింది. కూలి డబ్బు చేతికందడానికి వారాలు పట్టేది. మస్తరులో ఉన్న పేరు ఒకరిది, డబ్బు తిన్నది మరొకరు. 2010లో రాష్ట్ర ప్రభుత్వం వేలిముద్రల స్మార్ట్ కార్డులు ప్రవేశపెట్టినప్పుడు, ఎనిమిది జిల్లాల్లో ఏ మండలానికి ముందు, ఏ మండలానికి వెనుక అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్‌తంకర్ 157 మండలాలను పోల్చి చూశారు.

2016లో అచ్చయిన మొదటి ఫలితాలు చూద్దాం. రెండేళ్ళు గడిచినా చెల్లింపుల్లో సుమారు సగమే కొత్త పద్ధతిలోకి మారాయి. అయినా కూలీలకు పథకం నుంచి వచ్చే ఆదాయం 24 శాతం పెరిగింది. మధ్యలో మాయమయ్యే డబ్బు 41 శాతం తగ్గింది. ప్రభుత్వం అదనంగా పెట్టిన ఖర్చేమీ లేదు. లాభం పొందినవాళ్ళు నోరు మెదపరు, పై రాబడి పోయినవాళ్ళు అధికారుల దగ్గరకు పరుగెత్తుతారు. 2013లో ప్రభుత్వం ఈ కార్డుల్ని ఎత్తివేసే ఆలోచన చేసింది. అప్పుడు కూలీల అభిప్రాయాన్ని లెక్కగట్టి చూపిన ఈ సర్వే ఆ ఆలోచనను ఆపడానికి కొంత తోడ్పడింది. పరిశోధన విధానానికి ఉపయోగపడటమంటే ఇక్కడ జరిగింది ఇది.

అసలు విషయం 2023లో వెలువడిన రెండో వ్యాసంలో ఉంది. కూలి కుటుంబాల మొత్తం ఆదాయం 14 శాతం పెరిగింది. ఆ పెరుగుదలలో 86 శాతం పథకం డబ్బు కాదు, బయటి పనుల నుంచి వచ్చినది! ప్రభుత్వ పనికి డబ్బు సరిగా వస్తుందని తెలిశాక కూలీలు తక్కువ రేటుకు ఒప్పుకోలేదు. పొలాల్లోనూ రేటు పెరిగింది. రేటు పెరిగితే పని తగ్గిపోతుందని పాఠ్యపుస్తకం చెబుతుంది. ఇక్కడ పని కూడా పెరిగింది. భూమి కొద్దిమంది చేతుల్లో పోగుపడిన ఊళ్ళలో ఇంకా ఎక్కువ పెరిగింది. దీనికి పరిశోధకులు పెట్టిన పేరు అసంపూర్ణ పోటీ. సుందరపాలెంలో దాన్ని నాయుడిగారి మాట అంటారు.

అయితే భూమి అలా ఎందుకు పోగుపడింది అన్నది వారి ప్రశ్న కాదు. 1802 శాశ్వత సెటిల్మెంటు, విజయనగరం, బొబ్బిలి జమీందారీలు, 1948 రద్దు చట్టం తర్వాత కూడా భూమి దక్కనివాళ్ళు — ఇదంతా లాటరీకి లొంగే విషయం కాదు. వేలిముద్ర యంత్రాన్ని దేవుణ్ణి చేయడం కూడా తగదు. ఇదే బృందంలోని వాళ్ళు ఝార్ఖండ్ రేషన్ షాపుల్లో ఆధార్ గుర్తింపును పరిశీలిస్తే, మొదట్లో దొంగతనం తగ్గిన దాఖలా లేదు, అర్హులు కొందరికి బియ్యం అందకుండా పోయాయి. మన దగ్గర కార్డు లేనివాళ్ళకు పాత పద్ధతిలో డబ్బు ఆపకుండా ఇచ్చారు. తేడా అంతా అక్కడుంది. 2024 జనవరి నుంచి ఉపాధి కూలికి ఆధార్ చెల్లింపును దేశమంతటా తప్పనిసరి చేసినప్పుడు ఈ తేడాను పట్టించుకున్నవాళ్ళు తక్కువ.

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ స్థానంలో కొత్త చట్టం చేసింది. పనిదినాలు 100 నుంచి 125కు పెంచామని గొప్పగా చెప్పుకున్నారు. అదే చట్టంలో మరో నిబంధన ఉంది: నాట్లు, కోతల కాలంలో ఏడాదికి 60 రోజుల దాకా ప్రభుత్వ పనులు ఆపాలి. రైతుకు కూలీలు దొరకాలన్నది చెప్పిన కారణం. 2023 నాటి లెక్కల ప్రకారం కూలీకి బేరమాడే బలం ఇచ్చింది ఆ పనే. ఉబాల రోజుల్లో ఆ పని లేనప్పుడు, ఎంతకు వస్తావని యజమాని అడిగితే, కూలీ చెప్పగలిగిన రెండో చోటు వలసబండి ఒక్కటే.